నా గోడ మీద మా అన్న గంట

మా ఇంటి ముందుగోడకు, కిటికీ పైన, పసుపుపచ్చ ప్లాస్టిక్ పెట్టె ఒకటి బిగించి ఉంది. దొంగ పడితే అరిచే పెట్టె. గోడ నాది, పెట్టె మా అన్నది. అది కాపాడేది అన్న ఇంటిని, అరిస్తే దద్దరిల్లేది నా చెవులు. ఇంత నష్టపు బేరం ఎవడు కుదిర్చాడయ్యా అంటే, నేనే. పెట్టె ధర తగ్గించింది నేను, బిగించినవాడి కూలి తగ్గించింది నేను, అతను పైన గోడ తొలుస్తుంటే కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది నేను. ఊళ్లో నన్ను బేరగాడు అంటారు. అననీ.

మాది బట్టల వ్యాపారం. తాత మగ్గం నేసినవాడు. నాన్న నేత మానేసి అమ్మకం పట్టుకున్నాడు. తిరుత్తణిలో కొండ మెట్లకు పోయే వీధిలో మా అంగడి. కావడి మొక్కున్నవాళ్లకు పసుపు పంచెలు, గుండు కొట్టించుకునేవాళ్లకు తువాళ్లు, మొక్కు తీర్చుకుని ఊరికి పోయేవాళ్లకు చీరలు. ఇల్లు మాత్రం తిరువళ్లూరులో. పొద్దున రైలెక్కి పోవడం, చీకటి పడ్డాక రైలెక్కి రావడం. నాన్న పోయాక ఇంటిని రెండు భాగాలు చేసుకున్నాం. వీధివైపు నాకు, వెనకవైపు అన్నకు వచ్చింది. పక్క సందులోంచి పోతే అన్న వాకిలి. అంగడిని పంచుకోవాలన్న మాట మాత్రం మా ఇద్దరిలో ఎవరి నోటా రాలేదు. గల్లా దగ్గర అన్న కూర్చుంటాడు, గిరాకీ దగ్గర నేను.

అంగళ్ల మధ్య పెరిగినవాడికి మాట్లాడటం రాకముందే బేరం వస్తుంది. నా కొడుకు పుట్టినప్పుడు నేను ఆస్పత్రి నర్సుతో బేరమాడానని నా భార్య అందరికీ చెబుతుంది. అది అబద్ధం. నేను బేరమాడింది ఆయాతో.

అంగడి మూసేటప్పుడు మాకో ఆచారం ఉంది. నాన్న పెట్టింది. షట్టర్ దించి ఒకరు తాళం వేయాలి, ఇంకొకరు దాన్ని లాగి చూడాలి. తాళం వేసినవాడు లాగకూడదు. చిన్నప్పుడు నాన్న వేసి పక్కకు జరిగేవాడు. అన్నా నేనూ లాగడానికి పోటీపడేవాళ్లం. ఇద్దరం కలిసి ఆ తాళానికి వేలాడేవాళ్లం. నువ్వు సరిగ్గా వేయవనా నాన్నా ఇది, అని నేనొకసారి అడిగాను. నాన్న నవ్వలేదు. "ఒగడే వేసి ఒగడే చూసుకుంటే, రేపు ఏమన్నా అయినాక ఆ ఒగడి మీదనే పడతాదిరా. ఇద్దురూ చెయ్యి పెడితే ఇద్దురూ జవాబుదారి," అన్నాడు. రెండో తాళంచెవి రోజూ లాగినవాడి చేతికే ఇచ్చేవాడు.

నాన్న తర్వాత అన్న వేసేవాడు, నేను లాగేవాణ్ణి. వేయడం, పక్కకు జరగడం, లాగడం, ఇద్దరం స్టేషన్‌కు నడవడం. మధ్యలో మాటలుండేవి కావు, అక్కర్లేదు కాబట్టి. ఇంటికి కూడా అదే పద్ధతి వచ్చేసింది. అన్న భాగానికి రెండో తాళంచెవి నా దగ్గర, నా భాగానిది అన్న దగ్గర.

కిందటేడు ఆడికృత్తికకు, కొండకు కావళ్లు ఎక్కే పండుగకు, అన్న ఇంట్లో దొంగతనం జరిగింది. ఆడికృత్తిక అంటే మాకు సంవత్సరం మొత్తం. ఆ పండుగ రోజుల్లో అమ్ముకున్నదే మిగతా రోజులు తింటాం. పెద్దాచిన్నా, ఆడామగా అంతా అంగట్లోనే ఉంటాం. ఇంట్లో పొయ్యి వెలగదు. పండుగ దాటి వచ్చి చూస్తే, అన్న దేవుడి గదిలో వెండి సామాను లేదు. మా అమ్మ నుంచి వదినకు వచ్చిన కుందులూ పళ్లెమూ చెంబూ ఏవీ లేవు. బీరువా నోరు తెరుచుకుని ఉంది. వెనక తలుపు గడియ తీసి ఉంది. ముందు తాళం మాత్రం వేసింది వేసినట్టే ఉంది.

పోలీసులు వచ్చారు. తాళం పగల్లేదే, ఇంకో తాళంచెవి ఎవరి దగ్గరుంది అని అడిగారు. మా తమ్ముడి దగ్గర, అన్నాడు అన్న. నిజమే కదా, నా దగ్గరే ఉంది. నా వేళ్లకు సిరా పూసి కాగితం మీద అద్దుకున్నారు. అన్న పక్కనే ఉన్నాడు. అది మామూలేలే అన్నట్టు గోడకేసి చూస్తూ ఉన్నాడు. నేనూ మామూలే అనుకున్నాను. ఇంటికొచ్చి సబ్బుతో రుద్దుకుంటూ, పోలీసులతో బేరం కుదరలేదే, పది వేళ్లకూ పూశారు అని నా భార్యతో నవ్వాను. ఆమె నవ్వలేదు.

వెనక తలుపు గడియ వదులుగా ఉందని, పక్క కిటికీలోంచి కమ్మీ దూర్చి లాగితే ఊడుతుందని నేను చెప్పాను. లాగి చూపించాను కూడా. ఆ చూపించడం తెలివితక్కువ పనని తర్వాత తెలిసింది. నీకెట్లా తెలుసు అని ఎవరూ అడగలేదు. అడగకుండా అందరూ ఒక్కసారి నా చేతివైపు చూశారంతే. దొంగ దొరకలేదు. వెండీ దొరకలేదు.

ఈ సంవత్సరం ఎండాకాలంలో అన్న నా దగ్గరికి వచ్చి, ఇంటికి అలారం పెట్టిస్తా, చెన్నైకి తోడు రారా, బేరం నీకే తెలుసు అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ దొంగతనం తర్వాత వదిన నాతో మాటలు తగ్గించేసింది. ఇంతకుముందు సందులోంచి, ఏమప్పా తిన్నావా అని కేకేసేది. ఇప్పుడు తలుపు వేసుకునేది. అన్న తనంతట తాను తోడు రమ్మనేసరికి, ఆ మబ్బు విడిపోయిందనుకున్నాను. మంచి చొక్కా వేసుకున్నాను. బేరానికి మంచి చొక్కా వేసుకోకూడదని తెలిసి కూడా.

చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాను అమ్మే వీధంతా తిరిగాం. చివరికి ఒక అంగడివాడు రెండు రకాల పెట్టెలు చూపించాడు. ఖరీదైనది కాసేపు మోగి తనంతట తానే ఆగిపోతుందట. చౌకది లోపలి బ్యాటరీలో సత్తువ ఉన్నంతసేపూ మోగుతూనే ఉంటుందట. ఇంకేం, నాకు దారి దొరికింది. అలిసిపోయే కాపలావాడికి ఎక్కువ జీతం, అలవనివాడికి తక్కువ జీతం ఇచ్చే ఊరు ఏదయ్యా, అలవనిదే ఇవ్వు, దాంట్లోనూ తగ్గించు అన్నాను. అంగడివాడు నవ్వి తగ్గించాడు. గుమ్మం దాటి రెండడుగులు వేసి, అతను పిలిచాక వెనక్కి వచ్చి, ఇంకొంచెం తగ్గించాను. అన్న నా భుజం తట్టాడు. రైల్లో ఆ పెట్టెను పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని వచ్చాను.

బిగించడానికి మా పక్క వీధి వైర్‌మ్యాన్ వచ్చాడు. పనిమంతుడే, కానీ మాట ఎక్కువ. పెట్టె ఎక్కడ పెట్టాలన్న దగ్గర ఆలోచన వచ్చింది. వీధిలో వాళ్లకు కనబడాలి, వినబడాలి, దొంగ చేతికి అందకూడదు. అన్న భాగం వెనక ఉంది. వీధికి కనబడే గోడ నాదొక్కటే. అన్న ఏమీ అడగలేదు, ఊరికే గోడకేసి చూశాడు. నా గోడ మీదే పెట్టించన్నా, నీదొకటీ నాదొకటీనా, అన్నాను నేనే.

వైర్‌మ్యాన్ ప్రతిదీ చెప్పి చేసేవాడు. గోడ తొలిచేటప్పుడు బయటి నుంచి లోపలికి కొంచెం ఎగువకు తొలచాలి, లేకపోతే వాననీళ్లు కన్నంలోంచి ఇంట్లోకి దిగుతాయి అన్నాడు. పెట్టె లోపల చిన్న స్ప్రింగు స్విచ్చి చూపించాడు. ఎవడైనా మూత ఊడదీస్తే అది పైకి లేచి గంట మోగుతుంది. బ్యాటరీ చూపించాడు. అన్న హాల్లో నంబర్లు నొక్కే పలక ఉంటుంది. అక్కడి నుంచి పెట్టె దాకా తీగ వస్తుంది. దొంగ తెలివిగా ఆ తీగనే కోసేశాడనుకో, తీగలో కరెంటు ఆగిపోయిందని పెట్టెకు తెలిసిపోతుంది, బ్యాటరీతో తానే అరుస్తుంది. మాకిది చాలా నచ్చింది. అన్న మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు.

తీగ సందు పొడుగునా, మునగచెట్టు పక్కగా, మా గోడ మూల తిరిగి ముందుకు రావాలి. అంత దూరానికీ పైపు వేసి, పైపులోంచి తీగ లాగాలన్నాడు వైర్‌మ్యాన్. అంత దూరం పైపు ఎందుకు, మా అంగట్లో తీగలన్నీ క్లిప్పుల మీదే ఉన్నాయి, ఇన్నేళ్లుగా ఏమైంది అన్నాను. ఎండా వానా ఉంటుంది సార్ అన్నాడు. తీగకు చర్మం ఉంది కదయ్యా, దానికి చొక్కా కూడా కావాలా అన్నాను. అన్న నవ్వాడు. ఆ నవ్వు కోసమే అన్నానేమో. పైపు తగ్గింది, కూలీ తగ్గింది. తీగను గోడకు క్లిప్పులతో కొట్టేశాడు.

అంతా అయ్యాక మోగించి చూశారు. వీధి వీధంతా బయటికొచ్చింది. పిల్లలు చెవులు మూసుకుని గెంతారు. ఎదురింట్లో రైల్వేలో పనిచేసి రిటైరైన ముసలాయన, ఇక మా ఇంటికి కూడా దొంగ రాడు అని మెచ్చుకున్నాడు. అంతా అయ్యాక అన్న, ఇంక నంబరు పెట్టుకోవాల, కొంచెం బయట ఉండండి అన్నాడు. నేను వైర్‌మ్యాన్‌ను తీసుకుని వాకిట్లోకి వచ్చాను. వదిన లోపల గడియ పెట్టింది. మేమిద్దరం మునగచెట్టు కింద నిలబడి వానల గురించి మాట్లాడుకున్నాం. కాసేపటికి తలుపు తెరుచుకుంది. వెనక తలుపుకు కొత్త గడియ, ముందు తలుపుకు కొత్త తాళం కూడా వేయించాడు అన్న. దానికి రెండో తాళంచెవి నా చేతికే ఇచ్చాడు. చూశావా, పాత పద్ధతి మారలేదు అని ఆ రాత్రి నా భార్యకు చూపించాను.

ఆమె తాళంచెవిని చూడలేదు. "నంబరు పెట్టేటప్పుడు నువ్వెందుకు బయట నిలబడినావు?" అని అడిగింది.

"వైర్‌మ్యాన్ ముందర పెట్టుకోరు కదా. ఆయనకు తోడు నిలబడినా."

"ఆయన నీకు తోడు నిలబడినాడేమో చూసుకో."

నేను తాళంచెవిని మేకుకు తగిలించి పడుకున్నాను. అన్న ఏదో ఒక రోజు నంబరు చెబుతాడనుకున్నాను. రైల్లో పక్కపక్కన కూర్చునేవాళ్లం. అరక్కోణం దాటేదాకా ఎన్ని మాటలు చెప్పుకోవచ్చు. నాలుగు అంకెలు చెప్పడానికి ఎంతసేపు? ఒకసారి, అన్నా నంబరు నాన్న పుట్టిన సంవత్సరమా అని తమాషాగా అడిగాను. అన్న కిటికీలోంచి బయటికి చూస్తూ, వదినకు తెలుసులే అన్నాడు. మళ్లీ అడగలేదు. బేరంలో రెండోసారి అడిగినవాడే పలచబడతాడు. ఆ సంగతి నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఆడికృత్తిక వచ్చింది. ఆ రోజుల్లో అంగడి మూసే పనే లేదు, కాబట్టి వంతులు వేసుకున్నాం. పగలు అన్న, వదిన, పనివాడు ఉంటారు. మధ్యాహ్నం రైలుకు నేనూ నా భార్యా పోయి, సాయంత్రం నుంచి తెల్లారేదాకా ఉంటాం. అన్నావాళ్లు పొద్దున్నే తలుపు తాళం వేసి, అలారం పెట్టి పోయారు. నేను స్నానం చేసి, నుదుటికి విభూతి పెట్టుకుంటున్నాను. నా తల మీదనే పిడుగు పడ్డట్టు గంట మొదలైంది.

బయటికి పరిగెత్తాను. సందులోకి పోయి చూశాను. అన్న తలుపు వేసినట్టే ఉంది. వెనకవైపు పోయి చూశాను, కొత్త గడియ గట్టిగా ఉంది. కిటికీలు మూసే ఉన్నాయి. మనిషి అన్నవాడు లేడు. గంట మాత్రం నా గోడ మీద కూర్చుని దొంగ దొంగ అని అరుస్తోంది. వీధిలో వాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. మొదట కంగారుగా వచ్చారు, తర్వాత విసుగుతో చూశారు. ఎదురింటి ముసలాయన చెవిలో వేలు పెట్టుకుని వచ్చి, ఆపవయ్యా అన్నాడు. నంబరు కావాలండీ అన్నాను. ఆయన తమిళంలో అడిగాడు, సొంత అన్న ఇల్లే కదా తమ్ముడూ, నంబరు నీకు తెలియదా అని. అక్కడున్న అందరికీ వినబడింది. అంత గంట మోతలో కూడా ఎట్లా వినబడిందో.

వైర్‌మ్యాన్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు. వాళ్లింట్లో అడిగితే, కావడి ఎత్తుకుని కొండకు పోయాడు, ఫోన్ తోడు పోయినవాళ్ల దగ్గరుంది, దిగి వచ్చాక మాట్లాడతాడు అన్నారు. అన్నకు చేశాను. చాలాసార్లు మోగాక ఎత్తాడు. వెనక హరోంహరా కేకలు, తప్పెట్లు, పంచెల ధర అడుగుతున్నవాళ్లు.

"అన్నా, సైరన్ మోగతా ఉండాది. తలుపు కిటికీ అన్నీ బాగుండాయి, ఎవురూ రాలేదు. నా దగ్గర తాళంచెవి ఉండాది కదా, లోపలికి పోయి ఆపేస్తా. నంబరు చెప్పు."

అటువైపు ఎవరో పసుపు పంచె పొడుగు ఎంత అని అడగడం నాకు వినబడుతోంది.

"నంబరు చెప్పన్నా."

"నువ్వు లోపలికి పోవద్దు. నేనే వస్తా ఉండా."

"కృత్తికనాడు అంగడి ఇడిసిపెట్టి వస్తావా?"

"మోగనీలే. నేనొచ్చి చూసుకుంటా."

ఫోన్ పెట్టేశాడు.

నేను బట్టల బేరగాణ్ణి. దేనికైనా విలువ కట్టడం నా పని. అందుకని గుమ్మంలో కూర్చుని విలువ కట్టాను. సంవత్సరానికి ఒక్కసారి వచ్చే గిరాకీని, కొండకింద జనం ఆ వీధి పట్టనంత నిండిపోయిన పూట, నా అన్న వదిలేసి వస్తున్నాడు. నాన్న పోయిన ఏడు కూడా కృత్తికకు అన్న గల్లా విడవలేదు. ఇదంతా నాలుగు అంకెలు నా చెవిన పడకుండా ఉండటానికి. మా అన్న పిసినారి. చిల్లర విషయంలో నాకన్నా పిసినారి. అలాంటివాడు నన్ను నమ్మకుండా ఉండటానికి అంత ఖర్చు పెట్టడానికి ఒప్పుకున్నాడంటే, ఆ అపనమ్మకం ఎంత విలువైనదై ఉండాలి?

నా భార్య వచ్చి పక్కన కూర్చుంది. చెవులకు దూది పెట్టుకుంది, నాకూ ఇచ్చింది. ఏమీ అనలేదు. ఆమె అనకపోవడం అదే మొదటిసారి. రైలు వేళ దాటిపోయింది. వీధిలో ఒకరిద్దరు, నిచ్చెన వేసి ఆ పెట్టెను పగలగొట్టెయ్ అన్నారు. నా గోడ మీదున్న పెట్టె, నా నిచ్చెనకు అందే పెట్టె. పగలగొట్టి ఉండొచ్చు. కానీ పగలగొట్టిన సైరన్, రెండో తాళంచెవి ఉన్న తమ్ముడు, ఇంట్లో లేని అన్న, ఈ మూడూ కలిస్తే ఏ లెక్క వస్తుందో నాకు తెలుసు. వేళ్లకు సిరా పూయించుకున్నవాణ్ణి. అందుకని దాన్ని అరవనిచ్చాను. అలవని పెట్టె కావాలని నేనే కదా అడిగి తెచ్చింది. అది నా మాట నిలబెట్టింది.

అన్న వచ్చేసరికి మధ్యాహ్నం ఎండ మండుతోంది. చొక్కా చెమటకు తడిసి వీపుకు అతుక్కుంది. చేతులకు పంచెల పసుపు అంటుకుని ఉంది. నన్ను చూశాడు, నా వెనకనున్న జనాన్ని చూశాడు, సందులోకి పోయి తలుపు తీశాడు. నేను వెనకే వెళ్లి గడప దగ్గర ఆగాను. అన్న ఆ పలక ముందు నిలబడి, ఒళ్లంతా దానికి అడ్డం పెట్టి, ఎడమచేత్తో కూడా మూసి, నొక్కాడు. చిన్నప్పుడు నేను కాపీ కొట్టకుండా పలక దాచుకున్నట్టే, అదే వంపు, అదే మోచెయ్యి.

గంట ఆగలేదు.

మళ్లీ నొక్కాడు. ఆగలేదు. తిరిగి నాకేసి చూశాడు, నేనేదో చేసినట్టు. మళ్లీ అటు తిరిగి, మళ్లీ దాచుకుని, ఒక్కో అంకె ఒత్తి ఒత్తి నొక్కాడు. నా గోడ మీద అది అట్లాగే అరుస్తోంది.

అప్పుడు వైర్‌మ్యాన్ ఫోన్ వచ్చింది. కొండ దిగాడు. నేను స్పీకర్లో పెట్టాను. సంగతి వినగానే, తీగ యాడన్నా తెగిందా చూడండి సార్ అన్నాడు. తీగ తెగితే నంబరుతో పని లేదు, పలకలోంచి పెట్టెకు మాట పోదు, నిచ్చెన వేసి మూత తీసి బ్యాటరీ ఊడబీకాలి అన్నాడు. ఆ మాట మొదటి రోజే చెప్పి ఉన్నాడు. మాకు గుర్తులేదు. దొంగ తీగ కోస్తే ఏమవుతుందో ఇద్దరం మురిసిపోతూ విన్నాం, ఆపడం ఎట్లాగో వినలేదు.

అన్నకు నిచ్చెన ఎక్కితే కళ్లు తిరుగుతాయి. నేనే ఎక్కాను, అన్న కింద పట్టుకున్నాడు. మూత తీసి, బ్యాటరీ తీగ లాగేశాను. వీధి మొత్తం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. కాకుల అరుపు వినబడింది. సందులో వెతికితే, మునగకొమ్మ గోడకు తగిలే చోట తీగ తెగి ఉంది. చుట్టూ ఉడత పళ్ల గాట్లు. ఎర్ర తీగ ముక్క ఒకటి, పచ్చ తీగ ముక్క ఒకటి కింద మట్టిలో పడి ఉన్నాయి.

అన్న ఆ ముక్కలు చేతిలోకి తీసుకుని, "పైపు వేయించుంటే ఇంత దూరం వచ్చేది కాదు కదరా," అన్నాడు.

అది నిజం. పైపు బేరం నాదే. నేను ఒప్పుకుంటాను. కానీ పొద్దున్నుంచి నేను మోసింది పైపు లేని తీగ బరువు కాదు.

"అన్నా, అమ్మ వెండి నేను తీసినా అనుకుంటా ఉండావా?"

"నేనట్లా అన్నానా?"

"అనలేదు."

"మరింకేంది? మీ వదిన మనసు నెమ్మది కోసరం పెట్టుకున్నాం. ఆడోళ్లు. నీకు తెలీనిదా."

నాకు తెలియనిదా. చీర కొనే ఉద్దేశం లేని మగవాడు, మడతలన్నీ విప్పించుకుని చూసి, ఇంట్లో ఆమెను అడిగి వస్తానంటాడు. పాతికేళ్లుగా ఆ మాట వింటున్నాను. అలా అన్నవాడు తిరిగి రాడు. అన్న కూడా ఆ మాట వింటూనే ఉన్నాడు గల్లా దగ్గర కూర్చుని. ఇవాళ ఆ మాటనే నాకు అమ్మబోయాడు.

నేను నిచ్చెన మడిచి భుజాన వేసుకుని నా వాకిలివైపు నడిచాను. వెనక నుంచి అన్న, "ఒరేయ్, నంబరు కావాలంటే చెప్తా, ఇనిపో," అన్నాడు.

వెళ్లిపోయేవాణ్ణి వెనక్కి పిలిచి చెప్పే ధర ఎట్లా ఉంటుందో నాకన్నా బాగా ఎవరికి తెలుసు? జీవితమంతా నేను రెండడుగులు వేసి ఆ పిలుపు కోసమే ఆగినవాణ్ణి. పిలిచిన ప్రతిసారీ వెనక్కి తిరిగినవాణ్ణి. నాలుగు అంకెలు అప్పుడు ఊరికే వస్తున్నాయి. వద్దులే అన్నా, అన్నాను. నిచ్చెన గోడకు తగలకుండా చూసుకుంటూ లోపలికి పోయాను.

సాయంత్రం రైలుకు నేనూ నా భార్యా అంగడికి పోయాం. పోకుండా ఎట్లా ఉంటాం, కృత్తిక కదా. రాత్రంతా అమ్మాను. బాగానే అమ్మాను. పండుగ వెళ్లిపోయింది. వైర్‌మ్యాన్ వచ్చి కొత్త తీగ వేశాడు, పైపులోంచి. ఈసారి కూలి దగ్గర అన్నే మాట్లాడుకున్నాడు. నన్ను పిలవలేదు, నేనూ పోలేదు. నా కిటికీలోంచి విన్నాను. అడిగినంతా ఇచ్చేశాడు. నా నోరు ఊరింది, కానీ మూసుకున్నాను.

తర్వాత ఒక మామూలు సాయంత్రం. గిరాకీ లేదు. తొందరగా కట్టేద్దామన్నాడు అన్న. బయట వేలాడదీసిన తువాళ్లు లోపల పెట్టాం, షట్టర్ దించాం. అన్న వంగి తాళం వేశాడు. వేసి, ఎప్పటిలాగే పక్కకు జరిగాడు. చేతిలో రెండో తాళంచెవి నాకోసం పట్టుకుని, కొండవైపు చూస్తూ నిలబడ్డాడు. నేను లాగుతానని, ఆ చప్పుడు వినబడగానే స్టేషన్‌కు నడవాలని.

నేను కదల్లేదు. లాగితే నేనూ జవాబుదారిని. నాన్న మాట అది. ఒక చోట తాళం లాగి, ఇంకో చోట గడప బయట నిలబడటం నాకు కుదిరే బేరం కాదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

చప్పుడు రాకపోయేసరికి అన్న తిరిగి చూశాడు. నా చేతులకేసి చూశాడు. ఏమిరా అనలేదు. అని ఉంటే లాగేవాణ్ణేమో. మళ్లీ వంగి, తాను వేసిన తాళాన్ని తానే లాగి చూసుకున్నాడు. రెండు తాళంచెవులూ కలిపి తన జేబులో వేసుకున్నాడు. తర్వాత ఇద్దరం స్టేషన్‌కు నడిచాం, ఒకే రైలుకు.